ఒక్క ధైవతం వెనక రెండేళ్లు

ఎంఏ సంగీతం డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) కోసం నేను రాసిస్తే, గైడ్ మేడం మొదటిసారి తిరిగిచ్చిన వ్యాసంలో పదకొండు పేజీలున్నాయి. ఎర్ర పెన్సిల్ గీత పడని పేజీ ఒక్కటీ లేదు. అక్షరదోషాల కోసం గీసిన గీతలు కావవి. "అద్భుతంగా", "అమృతప్రాయంగా", "గంధర్వగానంలా", "రసజ్ఞుల హృదయాలను ఓలలాడించి"... ఇలాంటి మాట ఎక్కడుంటే అక్కడ గీత. చివరి పేజీ అడుగున ఒకే వాక్యం రాశారు: "వీటన్నిటినీ కొట్టేసి, మిగిలింది ఎంతో చూసుకుని రా." ఇంటికొచ్చి నిజంగానే కొట్టేసి మళ్లీ రాసుకున్నాను. రెండు పేజీలు మిగిలాయి. అందులో ఒకటి ఇంటర్నెట్‌లో దొరికిన జీవిత చరిత్ర. నా సొంతమంటూ ఒక్క పేజీ.

మాది విజయవాడ సత్యనారాయణపురం. సాయంత్రం పూట ఇంట్లో పిల్లలకి సంగీతం చెబుతాను. ఘంటసాల వారి పేరున్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో, ఊళ్లో అందరం మ్యూజిక్ కాలేజీ అనే చోట, నాలుగేళ్ల సర్టిఫికెట్, రెండేళ్ల డిప్లొమా చదివాను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కాలేజీ అది. ఆ మాట తల్చుకోకుండా మాకు రోజు గడిచేది కాదు. తర్వాత డిగ్రీ, పెళ్లి, పిల్లలు. పెద్దవాడు ఇంటర్‌లో చేరాక దూరవిద్యలో ఎంఏ సంగీతానికి ఫీజు కట్టాను.

పాడే పరీక్షలంటే టెన్షన్ లేదు. థియరీ అన్నా లేదు, ఎందుకంటే థియరీ మాకు కంఠస్థమే. ఫలానా రాగం ఏ మేళానికి జన్యం, ఆరోహణ, అవరోహణ, జీవస్వరాలు, సంచారం, ప్రసిద్ధ రచనలు. వరసగా రాసేస్తే మార్కులు వచ్చేస్తాయి. ఆ లక్షణం ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ పుస్తకంలో చెప్పారు అని ఏ ప్రశ్నపత్రమూ అడగలేదు. డిసర్టేషన్ దగ్గరకొచ్చేసరికి అడిగేదంతా అదే.

నేను మొదట పట్టుకెళ్లిన అంశం "త్యాగరాజ కృతుల్లో భక్తి". మేడం కోప్పడలేదు. "ఏడు వందల దాకా కృతులు దొరుకుతున్నాయి కదమ్మా, ఎన్ని చదువుతావు? భక్తి లేని కృతి ఏదైనా దొరుకుతుందా? దొరక్కపోతే ఏం తేల్చినట్టు?" అన్నారు. నేను మాట్లాడలేదు. కాసేపాగి అడిగారు: "పాడేటప్పుడు నీకు ఎప్పుడైనా సందేహం వచ్చిందా? ఒక్కచోట, ఒక్క స్వరం దగ్గర అయినా సరే."

వచ్చింది. నాకు పద్నాలుగేళ్లప్పుడు వచ్చింది. ఒక పోటీలో త్యాగరాజ స్వామి ఆభేరి రాగ కృతి "నగుమోము గనలేని" పాడాను. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మైకులోనే, "ధైవతం తప్పు పాడుతున్నావమ్మా, ఆభేరికి చతుశ్శ్రుతి ధైవతం" అన్నారు. బహుమతి పోయినందుకు కాదు, మా మాస్టారు తప్పు నేర్పారని నలుగురి ముందూ అన్నందుకు ఏడ్చాను. మాస్టారు మాత్రం నవ్వి, "మనది పారుపల్లి వారి బాట. మనకు శుద్ధ ధైవతమే. బాలమురళి గారు పాడింది విను" అన్నారు. ఆ సమాధానం నాకు పాతికేళ్లు సరిపోయింది.

సంగీతం రాని వాళ్ల కోసం రెండు మాటలు. సప్తస్వరాల్లో "ద" అనేదే ధైవతం. మేళం అంటే తల్లి రాగం, జన్యం అంటే అందులోంచి పుట్టిన రాగం. ఇవాళ ఎక్కువమంది నేర్పే ఆభేరి 22వ మేళమైన ఖరహరప్రియకు జన్యం, అందులో పై ధైవతం, అంటే చతుశ్శ్రుతి ధైవతం వస్తుంది. అదే రాగాన్ని 20వ మేళం కింద పెడితే ధైవతం ఒక మెట్టు కిందికి దిగుతుంది, అదే శుద్ధ ధైవతం. హార్మోనియం మీద పక్కపక్క మెట్లే. కానీ పాట ముఖం మారిపోతుంది. పై ధైవతంతో ఆ వేడుకోలులో కొంచెం ఆశ ఉంటుంది, కింది ధైవతంతో దిగులు చిక్కబడుతుంది. ఇది నాకు అనిపించేది. డిసర్టేషన్‌లో ఈ వాక్యం రాయనివ్వలేదు, అది న్యాయమే.

అంశం దొరికిన ఉత్సాహంలో వారంలో సినాప్సిస్ రాసేశాను. శీర్షిక "నగుమోము కృతిలో అసలు ధైవతం శుద్ధమే: నిరూపణ". మేడం అది చదివి, "తీర్పు రాసి జేబులో పెట్టుకున్నావు. ఇప్పుడు సాక్షుల్ని వెతకడానికి బయల్దేరుతున్నావా?" అన్నారు. నాకు గట్టిగా తగిలింది. మా మాస్టారి పరువు నిలబెట్టడానికే నేనీ పని మొదలెట్టానని నాకు అప్పుడు తెలిసింది. శీర్షిక మార్చాం: "నగుమోము కృతి గానంలో ధైవత ప్రయోగం: పాఠాంతరాల పరిశీలన". 'అసలు' అన్న మాట ఒక్కటి పోయేసరికి పని మొత్తం మారిపోయింది.

మేడం ఉండేది గుంటూరులో. నెలకి రెండుసార్లు నెహ్రూ బస్ స్టేషన్లో గుంటూరు బస్సెక్కి, కృష్ణ దాటి, మంగళగిరి మీదుగా వెళ్లేదాన్ని. దారిలో కాజ వస్తుంది. కృష్ణలీలాతరంగిణి రాసిన నారాయణ తీర్థుల వారిది ఆ ఊరేనని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు, కాజ దాటేటప్పుడు నాన్న చెయ్యెత్తి దణ్ణం పెట్టేవారు. ఒకసారి ఆ సంగతి మేడంతో అంటే, ఆవిడ కూడా భక్తిగానే విని, "సరే, ఎవరు చెప్పారు? ఆయన తన రచనలో చెప్పుకున్నారా, శిష్యులు రాశారా, వంద రెండు వందల ఏళ్ల తర్వాత ఎవరైనా రాశారా?" అన్నారు. మొదట్లో ఆ అడగడమే నాకు అపచారంలా ఉండేది. గురువు చెబితే వినడం మీద నిలబడిన విద్య మనది. వినకుండా ప్రశ్న వేస్తే మొదటి సరళీ వరస కూడా రాదు. మరి ప్రశ్న వేస్తేనే సాగే చదువు ఇది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా సర్దుకోవాలో తెలియక మొదటి ఆర్నెల్లు చాలా నలిగాను.

నాకు దారి చూపించింది రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. మేడం సలహాతో పేజీకి నాలుగు గళ్లు గీశాను. ఏం చెప్పారు, ఎవరు చెప్పారు, వాళ్లకి ఎలా తెలుసు, వాళ్లకంటే ముందు ఎవరైనా చెప్పారా. చదివినవన్నీ అందులోకి ఎక్కించాను. ఉదాహరణకి, కర్ణాటక సంగీత గాయకుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గారి గ్రామఫోను రికార్డు వచ్చాకే నగుమోముకి పై ధైవతం స్థిరపడిందన్న మాట. ఇది నాకు తొమ్మిది చోట్ల దొరికింది. తొమ్మిదీ గళ్లలోకి ఎక్కించాక చూస్తే, మూడో గడి తొమ్మిది చోట్లా ఖాళీ. ఆ రికార్డుకి ఎంత పేరొచ్చిందో ఎవరూ కాదనరు. కానీ అంతకుముందు అందరూ కింది ధైవతమే పాడేవారని చూపించాలి కదా. తొమ్మిది మంది చెప్పారు కాబట్టి నిజమనుకునేదాన్ని. ఒకరు చెప్పింది ఎనిమిది మంది తిరిగి రాస్తే, సాక్షి ఒక్కరే అవుతారు.

పేర్లు కలిసిపోవడం ఇంకో ఇబ్బంది. త్యాగరాజ స్వామి శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన శిష్యుడు బాలమురళి. మా పరంపర అదే. సినిమా సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తి గారు వేరే. పేరొకటే కావడంతో ఇద్దరినీ ఒకే మనిషిగా రాసేసిన వ్యాసం ఒకటి నేను నమ్మి, రెండు పేజీలు రాసి చింపేశాను.

ఇక అసలు ఆధారం అనుకున్నది సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన పుస్తకం, అదీ తెలుగులో. తమిళ దేశంలో అచ్చయిన ఆ తెలుగు పుస్తకం స్కాన్ కాపీ కంప్యూటర్లో తెరిచిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గమకాలకి, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పాడే తీరులకి, విడివిడిగా గుర్తులు పెట్టి, ఎక్కడ కంపితం, ఎక్కడ జారు అని చూపిస్తూ సాగే ఆ పేజీలు మన భాషలో ఉన్నాయి. నేను డిప్లొమా పాసైనా అప్పటిదాకా వాటి మొహం చూడలేదు. అందులో ఆభేరి 20వ మేళమైన నారీరీతిగౌళ కింద ఉంది. ముత్తుస్వామి దీక్షితుల "వీణాభేరి" కృతి ఉంది. అంటే శుద్ధ ధైవతం! గెలిచామనుకున్నాను. రాత్రి పదకొండింటికి మేడంకి మెసేజ్ పెట్టేశాను.

పొద్దున్నే ఫోన్ చేశారు. "ఎవరి సంప్రదాయం అది?" అన్నారు. ముత్తుస్వామి దీక్షితుల వారిది. "పాట ఎవరిది?" త్యాగరాజ స్వామిది. అంతే, ఇంకేం అడగలేదు. ఒకే రాగం పేరుతో ఇద్దరు వాగ్గేయకారులు రెండు రకాల రాగాలు వాడిన సందర్భాలు మనకి కొత్త కాదు. దీక్షితుల ఆభేరి ఎలా ఉండేదో ఆ పుస్తకం చెబుతుంది. త్యాగరాజ స్వామి నగుమోము ఎలా పాడారో అది చెప్పదు. ఆ పుస్తకం మీద నా గౌరవం ఇసుమంత కూడా తగ్గలేదు. అది దేనికి సాక్ష్యమో దేనికి కాదో విడదీసి రాయడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. నా డిసర్టేషన్‌లో నాకు బాగా ఇష్టమైన నాలుగు పేజీలు అవే.

తర్వాత పాత స్వరలిపి పుస్తకాల మీద పడ్డాను. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులు, గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం, తెలిసినవాళ్ల ఇళ్లలో అటకలు. దొరికిన పుస్తకాల్లో ధైవతం ఎలా రాశారు? "ద" అని. పై ధైవతమైనా "ద", కింది ధైవతమైనా "ద". పాట పైన ఏ మేళమో వేస్తేనే ఏ ధైవతమో తెలుస్తుంది. కొన్నిట్లో మేళం లేదు, ఉన్నచోట అది పాట రాసిన కాలంలోదా, అచ్చు వేసినప్పుడు సంపాదకులు చేర్చిందా తెలియదు. చిన్నప్పటి నుంచీ చదువుతున్న అక్షరం అది. అందులో ఇంత మూగతనం ఉందని అప్పటిదాకా తోచలేదు.

ఈ మధ్యలోనే ఒక సెమినార్ పేపర్ విషయంలో తలవంపులయ్యాయి. ఒక పేరా ఎక్కడో చదివి, నచ్చి, నోట్‌బుక్‌లో రాసుకుని, నెలల తర్వాత అది నా మాటే అనుకుని పేపర్లో పెట్టేశాను. మేడం పట్టుకున్నారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం డిసర్టేషన్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే మళ్లీ రాసి ఇవ్వాలి, 40 దాటితే ఏడాది పాటు ఇవ్వడానికే వీల్లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆ లెక్కలకంటే నాకు ఎక్కువ సిగ్గనిపించింది వేరే విషయానికి. కచేరీలో ఎవరి సంగతి (పాటలో ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరు) పాడినా "ఇది ఫలానా వారి పాఠం" అని చెప్పే ఇంట్లో పెరిగాను. కాగితం మీద ఆ మర్యాద తప్పాను. ఆ రోజు నుంచి వేరేవాళ్ల వాక్యాలు ఆకుపచ్చ పెన్నుతో, పేజీ నంబరుతో సహా రాసుకుంటున్నాను. నా మాటలు నీలం.

పుస్తకాలు అయ్యాక మనుషులు. మా మాస్టారు అప్పటికే లేరు. ఆయనకంటే పెద్దవారు, అదే పరంపరలో నేర్చుకున్న ఒక విద్వాంసుడు విజయవాడలోనే ఉన్నారు. వయొలిన్ వాయిస్తారు, పాడతారు కూడా. ముందు వెళ్లినప్పుడు ఫోన్ బయటికి తీయలేదు. ఏం చేస్తున్నానో చెప్పి, రికార్డు చేయవచ్చా, పేరు వేయవచ్చా అని అడిగాను. "రికార్డు చేసుకో అమ్మాయ్, పేరు మాత్రం వద్దు" అన్నారు. ఇంటర్వ్యూలో నేను చేసిన పెద్ద తప్పు మొదటి ప్రశ్నే. "మనది శుద్ధ ధైవతమే కదా మాస్టారూ?" అన్నాను. "శుద్ధ ధైవతమే" అన్నారు. ఇంటికొచ్చి విని రాసుకుంటుంటే తెలిసింది, నా ప్రశ్నలోనే సమాధానం ఉంది. రెండోసారి వెళ్లినప్పుడు ఏమీ అడగకుండా, "ఒక్కసారి మొత్తం పాడతారా" అన్నాను.

పాడారు. ఎనభై దాటిన గొంతు. పల్లవి, అనుపల్లవి, చరణం. ఆ రికార్డింగ్‌ని సోనిక్ విజువలైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఆయన షడ్జమం (స) నుంచి కొలిచాను. స్వరాల మధ్య దూరాన్ని సెంట్లలో కొలుస్తారు. ఆధార షడ్జమం సున్నా అనుకుంటే, కింది ధైవతం 800 సెంట్ల దగ్గర, పై ధైవతం 900 దగ్గర ఉంటాయి. గమకంలో ఊగే స్వరాన్ని ఒక్క అంకెలో పట్టలేం, అందుకని నిలబడిన చోట్లనే తీసుకున్నాను. యంత్రం చెప్పింది చెవితో సరిచూసుకోవడానికి ఒక్కో ముక్కని ఇరవై ముప్పై సార్లు విన్నాను. పల్లవిలో కింది ధైవతమే, సందేహం లేదు. అనుపల్లవిలోనూ అదే. చరణంలో "గగనానికి" దగ్గర పై ధైవతం.

మళ్లీ విన్నాను. పై ధైవతమే. ఆయన దగ్గరే ఉన్న పాత క్యాసెట్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను, 1987 అని లేబుల్ మీద రాసి ఉంది. క్యాసెట్ వేగం తేడాగా ఉంటే శ్రుతి మొత్తం పెరగడమో తగ్గడమో ఉంటుంది గానీ షడ్జమానికీ ధైవతానికీ మధ్య దూరం మారదు. అందులోనూ అదే చోట పై ధైవతం. అంటే వయసు వల్ల జారింది కాదు.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. రాస్తే ఆయన మాటకీ పాటకీ పొంతన లేదన్నట్టవుతుంది. రాయకపోతే నేను విన్నది దాచినట్టు. మేడం ఒకటే చెప్పారు: "కాగితం మీద పెట్టకముందు ఆయనకి వినిపించు." వెళ్లాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం ఆయనకి అలవాటు లేదు, చిన్న స్పీకర్ పెట్టాను. ఒకసారి విన్నారు. మళ్లీ పెట్టమన్నారు. కళ్లు మూసుకుని చాలాసేపు ఉన్నారు. నాకు చెమటలు పట్టాయి.

"చరణం నేను మా గురువుగారి దగ్గర నేర్చుకోలేదమ్మాయ్" అన్నారు చివరికి. "పల్లవి, అనుపల్లవి అయ్యాక ఆయన మంచాన పడ్డారు. చరణం రేడియోలో వచ్చినప్పుడు విని పట్టుకున్నాను. ఎవరు పాడారో ఇప్పుడు గుర్తు లేదు. రెండింటికీ తేడా ఉందని ఇన్నేళ్లూ నాకే తెలియలేదు." కాసేపాగి, "రాసెయ్. దాచడానికేముంది?" అన్నారు.

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఆ తర్వాత మా ఊళ్లో ఎంతమంది సగం పాట గురువు దగ్గర, సగం పాట రేడియోలో నేర్చుకున్నారో! పరంపర అంటే ఒక దీపం నుంచి ఇంకో దీపం వెలిగించడం అనే నేను రాసుకున్నాను మొదటి అధ్యాయంలో. ఆ పేరా తీసేశాను. దాని బదులు ఆయన చెప్పింది, ఆయన మాటల్లోనే, తేదీతో సహా పెట్టాను. ఎవరి గొంతు విన్నారో గుర్తులేదన్నది కూడా పాదసూచికలో రాశాను.

రాయడం కూడా ఈ పనిలోనే వచ్చింది. మొదట ఆయన గానం గురించి "వృద్ధాప్యంలోనూ వన్నె తగ్గని గాంభీర్యంతో ఆర్ద్రంగా ఆలపించారు" అని రాసుకున్నాను. తర్వాత రాసింది ఇది: "పల్లవి మొదటి మూడు సంగతుల్లో ధైవతాన్ని తాకి వెంటనే పంచమానికి వస్తారు. నాలుగో సంగతిలోనే ధైవతం మీద నిలుస్తారు, అక్కడ అది శుద్ధ ధైవతం." రెండో దాంట్లో పొగడ్త లేదు. కానీ చదివినవాళ్లు వెళ్లి విని, నేను చెప్పింది కరెక్టో కాదో చూసుకోవచ్చు. తప్పైతే తప్పని చెప్పొచ్చు. ఆయన గొంతుని అంత జాగ్రత్తగా నేను వినడం అదే మొదటిసారి. ఆర్ద్రంగా అని రాసినప్పుడు అంత వినలేదు.

డీటీపీ గురించి పెద్దగా చెప్పను. మా వీధి షాపులో అను అనే పాత రకం తెలుగు ఫాంట్లలో టైపు చేశారు, యూనికోడ్‌లోకి మార్చేసరికి ఒత్తులు చెదిరి స్వరాల పైనా కిందా ఉన్న చుక్కలు ఎగిరిపోయాయి. స్థాయి చూపించే చుక్క పోతే మంద్రమేదో తారమేదో తెలియదు. నలభై పేజీల స్వరలిపి మళ్లీ నేనే కొట్టుకున్నాను. సంగీతం మీద రాసేవాళ్లు మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో రాసుకోవడం మంచిది.

వైవాలో (మౌఖిక పరీక్షలో) బయటి నుంచి వచ్చిన పరీక్షకులు అడిగిన మొదటి ప్రశ్న, "చివరికి ఏ ధైవతం కరెక్ట్ అని తేల్చారు?" రెండేళ్ల కిందట అయితే ఒక్క మాటలో చెప్పేదాన్ని. "తేల్చలేదండీ" అన్నాను. "త్యాగరాజ స్వామి ఏది పాడారో తేల్చే ఆధారం నేను చూసినవాటిలో లేదు. ఆయన వాలాజాపేట శిష్యుల రాతప్రతులు మదురైలో ఉన్నాయి, అవి నేను చూడలేదు. తేలిపోయిందని రాసినచోట్ల ఎందుకు తేలలేదో చూపించాను. ఒకే గాయకుడి పాటలో రెండు ధైవతాలు ఎలా చేరాయో చూపించాను." ఆయన తలూపి, "మరి మీరు ఏది పాడతారు?" అన్నారు. "మా మాస్టారు నేర్పిందే" అన్నాను. అందులో నాకు ఇబ్బందేమీ కనిపించలేదు.

బైండు చేయించిన కాపీ ఒకటి ఆ పెద్దాయనకి ఇచ్చాను. చూపు ఆనదు కాబట్టి ఆయన మీద రాసిన భాగం నేనే చదివి వినిపించాను. రేడియో సంగతి వచ్చినప్పుడు ఏమీ అనలేదు. అంతా అయ్యాక, "అనుపల్లవిలో ఒక సంగతి ఆ రోజు నీకు పాడలేదు. మా గురువుగారు దాన్ని ఎప్పుడో గానీ పాడేవారు కాదు. ఫోన్ పెట్టు" అన్నారు. లేచి ఫ్యాన్ ఆపి, తేదీ, టైము ఫోన్లో గట్టిగా చెప్పి, ఆయన ముందు పెట్టాను.